పగడాల తొట్టి, ముక్కు సాక్ష్యం

ముంబైలోని కామాఠిపురాలో వాసనకు గోడలుండవు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న ఖోలీలో ఒక మూల గ్యాస్ పొయ్యి, ఇంకో మూల మోరీ, మధ్యలో నలుగురైదుగురు మనుషులు. పక్క ఖోలీలో ఎండు బొంబిల్ చేపలు వేయిస్తే ఇక్కడ తెలుస్తుంది, ఇక్కడ ఇంగువ తాలింపు పెడితే గ్యాలరీ చివరి తలుపు దాకా తెలుస్తుంది. ఇటువంటి చోట ఎవరైనా రెండడుగుల గాజు తొట్టిలో ఉప్పునీళ్లు పోసి, రాళ్లు పేర్చి, పగడాలు పెంచుతామంటే ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ఖర్చు గురించి కూడా కాదు, 'వాసనొస్తుందా?' అని. ఈ ప్రశ్నకు రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. అమ్మేవాడు 'సరిగ్గా చూసుకుంటే అసలు వాసనే రాదు' అంటాడు. పొరుగువాళ్లు 'వాసనొస్తోందంటే అందులో రోగం ఉన్నట్టే' అంటారు. రెండూ తప్పే. బతికున్న పగడానికి వాసన ఉంటుంది, ఉండాలి కూడా. కంపు కొట్టే ప్రతిదీ మనిషికి ప్రమాదం కాదు, ప్రమాదమైన ప్రతిదీ కంపు కొట్టదు. ముక్కు ఆపదను తూకం వేయలేదు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏదో తేడా వచ్చిందని మాత్రం అది భలే కనిపెడుతుంది. ఉప్పునీటి తొట్టి పెట్టుకున్న ఇంటికి ఈ తేడా తెలిస్తే చాలావరకు సరిపోతుంది. దాన్నే ఆపదగా చదువుకుంటే ఏం జరుగుతుందో ఈ గల్లీల చరిత్రలోనే ఉంది, అక్కడికి వద్దాం.

ముందు ఆరోగ్యంగా ఉన్న తొట్టి సంగతి. దాని మూత తీసి ముఖం దగ్గర పెడితే సముద్రపు ఒడ్డున నిలబడ్డట్టు పలచటి వాసన ఒకటి తగులుతుంది. ఉప్పుకు వాసన లేదు, నీటికీ లేదు. మనం సముద్రం వాసన అనుకునేదాంట్లో పెద్ద వాటా డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధకపు సమ్మేళనానిది. ఉడికిన మొక్కజొన్న కంకుల గిన్నె మూత తీసినప్పుడు వచ్చే కమ్మదనంలోనూ, కాబేజీ ఎక్కువసేపు ఉడికితే వచ్చే వెగటు వాసనలోనూ ఉండేది ఇదే. కొంచెమైతే కమ్మన, ఎక్కువైతే కంపు. సముద్రపు నాచులు, నీటిలో తేలే సూక్ష్మజీవులు తమ కణాల్లో ఉప్పు ఒత్తిడిని తట్టుకోవడానికి క్లుప్తంగా డీఎంఎస్‌పీ అని పిలిచే పదార్థాన్ని నిల్వ చేసుకుంటాయి. అది విరిగితే డైమిథైల్ సల్ఫైడ్ గాలిలోకి లేస్తుంది. సముద్రం మీది గాలిలోకి గంధకాన్ని మోసుకెళ్లేది ఇదేనని జేమ్స్ లవ్‌లాక్ బృందం 1972లో చూపించింది. పగడాల కణజాలంలో కాపురముండే సూక్ష్మ నాచు కూడా ఇదే పని చేస్తుంది కాబట్టి పగడాల దిబ్బ దగ్గర ఈ పదార్థం దండిగా దొరుకుతుంది. అద్దెకున్న నాచే దీన్ని తయారుచేస్తుందని, ఇంటి యజమానికి సంబంధం లేదని చాలాకాలం అనుకున్నారు. 2013లో ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న జాన్ బాప్టిస్ట్ రైనా, ఆయన సహచరులు నేచర్ పత్రికలో వేరే మాట చెప్పారు. నాచు ఇంకా చేరని పసి పగడాల్లో కూడా ఈ పదార్థం పెరిగింది, నీటి వేడి పెంచితే ఇంకా పెరిగింది. అంటే పగడం అనే జంతువు తనంతట తానే దీన్ని తయారుచేసుకుంటోంది, కష్టం వస్తే మరింతగా చేసుకుంటోంది.

ఈ ఒక్క విషయంతో తొట్టి దగ్గర కనిపించే చాలా వింతలు విడిపోతాయి. పగడాన్ని నీళ్లలోంచి బయటికి తీస్తే ఒక్కసారిగా ఘాటు లేస్తుంది. 'చచ్చిపోయింది కాబోలు' అని కొత్తవాళ్లు కంగారు పడతారు. గాలి తగలగానే పగడం తన ఒంటి నిండా జిగురు కార్చుకుంటుంది. ఆ జిగురులో డీఎంఎస్‌పీ మెండు, దాన్ని విరిచే బాక్టీరియా అక్కడే సిద్ధంగా ఉంటుంది. అప్పటిదాకా నీళ్లలో కరిగి చెదిరిపోతున్నదంతా ఇప్పుడు నేరుగా ముక్కుకు చేరుతుంది. సముద్రంలో ఇది రోజువారీ వ్యవహారమే. ఇందుకు ముంబై వాళ్లు గ్రేట్ బారియర్ రీఫ్ దాకా వెళ్లనక్కర్లేదు. కామాఠిపురాకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, హాజీ అలీ, వర్లీ దగ్గర ఆటు సమయంలో బయటపడే రాళ్ల మీద పగడాలున్నాయి. తీరపు రోడ్డు కట్టేటప్పుడు అక్కడ కనిపించిన 18 పగడపు సమూహాలను 2020లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ సాయంతో దక్షిణ ముంబై తీరంలో మరో చోటికి మార్చారు. మడ్డినీళ్లు, మురుగు, రోజూ గంటల తరబడి ఎండ, ఇన్నిటి మధ్య బతికే మొండి రకాలు అవి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వర్లీ ఒడ్డున పీల్చే గాలిలో మురుగుతో పాటు ఆ రాళ్ల మీది జీవుల వాటా కూడా ఉంటుంది. 'సముద్రం కంపు కొడుతోంది' అని తిట్టుకునేవాళ్లకు ఆ వాటా గురించి ఎవరూ చెప్పరు.

మెత్తటి పగడాల వాసన ఇంకో తీరు. తోలులా కనిపించే తోలుపగడం, వేళ్లలాంటి కొమ్మల సైనులేరియా, ఇలాంటివాటికి రాతి కవచం ఉండదు. చేపలు కొరుక్కు తినకుండా అవి టర్పీన్ల జాతి రసాయనాలతో తమను కాపాడుకుంటాయి. కర్పూరం, నీలగిరి తైలం వాసనలది కూడా అదే కుటుంబం. కనుక ఇలాంటి పగడాన్ని కోసినా, నలిపినా, అది ఒంటి మీది మైనపు పొర వదిలే రోజుల్లో చూసినా మందుల షాపు గుర్తుకొచ్చే ఘాటు ఒకటి వస్తుంది. ఫిల్టరులో కాస్త యాక్టివేటెడ్ కార్బన్ వేస్తే తగ్గుతుంది. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడానికి మాత్రం ఏ వాసనా లేదు, ఎందుకంటే అది ఎముక మాత్రమే, వాసన మాంసానిది. మాటొచ్చింది కాబట్టి ఒక చట్టం సంగతి కూడా ఇక్కడే. మన సముద్రాల్లోని రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఒడ్డున రాయిలా కనిపించిందని సంచిలో వేసుకొచ్చి తొట్టిలో పెట్టడం నేరం. వర్లీ రాళ్ల నుంచి తొట్టికి దారి లేదు.

ఇప్పుడు అందరూ భయపడే వాసనకు వద్దాం, కుళ్లిన గుడ్డు వాసన. మంచినీళ్ల తొట్టి పాడైతే మట్టి వాసనో, పాచి వాసనో వస్తుంది. ఉప్పునీటి తొట్టి పాడైతే గుడ్డు కంపు కొడుతుంది. ఎందుకీ తేడా? లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పులుంటే అందులో సుమారు 2.7 గ్రాములు సల్ఫేటు. నది నీటిలో ఇది మిల్లీగ్రాముల లెక్క. అరవై లీటర్ల తొట్టిలో 160 గ్రాముల సల్ఫేటు కనిపించకుండా కూర్చుని ఉంటుంది. రాళ్ల సందులో ఒక చేప చచ్చి ఇరుక్కుందనుకోండి, లేదా ఇసుక కింద మిగిలిపోయిన మేత పేరుకుందనుకోండి. బాక్టీరియా దాన్ని తింటూ చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తుంది. ఆక్సిజన్ అయిపోయాక ఇంకో రకం బాక్టీరియా పనిలోకి దిగుతుంది. అవి ఆక్సిజన్‌కు బదులు సల్ఫేటుతో ఊపిరి పీలుస్తాయి. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌తో పాటు అవి హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వదులుతాయి. మంచినీళ్ల అడుగు బురదలో సల్ఫేటు చాలనంత ఉండదు కాబట్టి అక్కడ కుళ్లు ఎక్కువగా మీథేన్‌తో ముగుస్తుంది, మీథేన్‌కు వాసన లేదు. అదే కుళ్లు, నీళ్లు వేరు, అంతే. ఇసుకలో ఇనుము ఉంటే సల్ఫైడ్ దాంతో కలిసి నల్లబడుతుంది. మాహిమ్ ఖాడీ అంచున కాలు దిగబడితే పైకొచ్చే నల్ల బురద ఏమిటో, తొట్టి గాజుకు ఆనుకుని ఇసుకలో కనిపించే నల్ల చార కూడా అదే. ఈ వాయువు మనకు కొత్తదేం కాదు. పానీపూరీ నీళ్లలో, చాట్ మసాలాలో నల్ల ఉప్పు వేస్తే వచ్చే ఆ గుడ్డు వాసన సల్ఫైడ్లదే. నోట్లో వేసుకుంటే రుచి, మూలనుంచి వస్తే రోగం అనిపించడం మన మనసు చేసే పని.

గంధకం వాసనకూ నీచు వాసనకూ మధ్య తేడా పట్టుకోవడానికి తెలుగు వంటిల్లు ఎప్పుడో ఒక పరీక్ష కనిపెట్టింది. చేపల పులుసులో చింతపండు పోసేది రుచికే కాదు, నీచు పోవడానికి కూడా. సముద్రపు చేప ఒంట్లో ఉండే ఒక పదార్థాన్ని బాక్టీరియా విరిస్తే ట్రైమిథైలమీన్ పుడుతుంది, నీచు అంటే ప్రధానంగా అదే. అది క్షార స్వభావమున్నది, పులుపు తగిలితే ఉప్పుగా మారి నీళ్లలోనే ఉండిపోతుంది, గాలిలోకి లేవదు. హైడ్రోజన్ సల్ఫైడ్ సరిగ్గా దీనికి ఎదురు. అది బలహీనమైన ఆమ్లం. తొట్టి నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉన్నంతవరకు అందులో ఎక్కువ భాగం నీళ్లలో కట్టుబడి ఉంటుంది, కొద్ది వంతే వాయువై లేస్తుంది. పులుపు తగిలితే కట్లు తెంచుకుని అంతా పైకొస్తుంది. కాబట్టి అనుమానమున్న చోటి నుంచి ఒక చిన్న గ్లాసులో పావు వంతు నీళ్లు తీసి, కిటికీ దగ్గర పెట్టి నాలుగైదు చుక్కల నిమ్మరసం పిండితే, నీచు తగ్గిందా గుడ్డు వాసన పెరిగిందా అనేది తేలిపోతుంది. తగ్గితే ఎక్కడో మాంసం కుళ్లుతోంది, ఆ చేపనో రొయ్యనో వెతికి తీయాలి. పెరిగితే ఎక్కడో గాలి ఆడని జేబు తయారైంది, రాళ్ల వెనకో, ఆగిపోయిన ఫిల్టరు లోపలో, లోతైన ఇసుకలోనో. ఈ రెండో సందర్భంలో ఇసుకనంతా ఒక్కసారి కలియబెట్టడం పెద్ద పొరపాటు. అక్కడ బందీగా ఉన్నదంతా నీళ్లలోకి వచ్చేస్తుంది. లీటరుకు కొద్ది మైక్రోగ్రాముల హైడ్రోజన్ సల్ఫైడ్‌తోనే చేపలకు ఊపిరి ఇబ్బంది మొదలవుతుంది. ఒక మూల నుంచి కొద్దికొద్దిగా గొట్టంతో లాగేసి, తీసినంత కొత్త ఉప్పునీళ్లు పోయడం మేలు.

ఖోలీలో ఈ రసాయనానికి ఇంకో మెలిక ఉంది. రాత్రి తలుపు మూసి అయిదుగురు పడుకున్న ఖోలీలో తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో ఉన్నదానికి మూడు నాలుగింతలు కావడం మామూలే. అది తొట్టి నీళ్లలో కరిగి పీహెచ్‌ను కిందికి లాగుతుంది. చీకట్లో నాచు, పగడాలు కిరణజన్య సంయోగక్రియ ఆపేసి అవి కూడా అదే వాయువు వదులుతుంటాయి. పీహెచ్ పడేకొద్దీ, ఇందాక నిమ్మరసం చేసిన పనే, నెమ్మదిగా, తొట్టంతటా జరుగుతుంది. అందుకని లోపల సల్ఫైడ్ తయారవుతున్న తొట్టి మధ్యాహ్నం కంటే తెల్లవారుజామున ఎక్కువ కంపు కొట్టడంలో వింత లేదు. పొద్దున లేవగానే వాసనొచ్చి, తలుపులు తీసిన గంటకు పోతే 'తగ్గిపోయింది' అనుకోకూడదు. అది లోపలే ఉంది.

మరి ఆ కంపు మనుషులకు హాని చేస్తుందా? ఇక్కడ లెక్క వేసి చూడటం మంచిది, ఎందుకంటే మ్యాన్‌హోళ్లలో దిగినవాళ్ల ప్రాణాలు తీసేది ఈ వాయువే అని అందరికీ తెలుసు, ఆ భయం న్యాయమైనదే. పది, పన్నెండు, ఎత్తు తొమ్మిది అడుగుల గది అంటే దాదాపు 30 ఘనపు మీటర్ల గాలి, మిల్లీలీటర్లలో మూడు కోట్లు. మనిషి ముక్కు ఈ వాయువును గాలిలో పది కోట్ల పాళ్లకు ఒక పాలున్నా పసిగట్టగలదు. అంటే ఈ గదంతా గుడ్డు కంపు కొట్టడానికి కావలసిన వాయువు 0.3 మిల్లీలీటర్లు, ఇంజెక్షన్ సిరంజిలో ఒక గీతంత. ముక్కు నరాలనే మొద్దుబార్చి, వాసన తెలియకుండా చేసే ప్రమాదకర స్థాయి పది లక్షల పాళ్లకు వంద పాళ్ల దగ్గర మొదలవుతుంది. దానికి అదే గదిలో మూడు లీటర్ల శుద్ధమైన వాయువు ఉండాలి, పదివేల రెట్లు. ఒక చిన్న చేప కళేబరం కుళ్లి ఆ పని చేయలేదు. పైగా అందులో పుట్టినదాంట్లో చాలా భాగం నీళ్లలోనే ఉండిపోతుంది. మ్యాన్‌హోల్‌కూ తొట్టికీ తేడా ఈ పదివేల రెట్లలో ఉంది. మనిషికి ఆ కంపు ఒక కబురు మాత్రమే. తొట్టిలోని చేపకు, పగడానికి మాత్రం అది అప్పటికే విషం.

కబురును ఆపదగా చదువుకున్న చరిత్ర ఈ నేలకు ఉందని పైన అన్నాను. పదిహేడో శతాబ్దపు బొంబాయిలో కొబ్బరి చెట్ల మొదట్లో చేపలను ఎరువుగా వేసేవాళ్లు. అవి కుళ్లి లేచే కంపే జ్వరాలకు కారణమని ఇంగ్లీషు ప్రయాణికులు, కంపెనీ వైద్యులు రాసిపెట్టారు. మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య గండిలోంచి పోటు నీళ్లు లోపలికి వచ్చి పల్లపు నేలంతా ఉప్పు బురదగా ఉండేది. 1780ల్లో ఆ గండికి అడ్డంగా హోర్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడ్డాక ఆ పల్లం నెమ్మదిగా ఆరింది. నిజాం రాజ్యం నుంచి, పాలమూరు వైపు నుంచి వచ్చిన కామాఠీలు, రాళ్లు మోసి, మట్టి పోసి ఈ నగరాన్ని కట్టిన తెలుగు కూలీలు, అటువంటి పల్లపు నేల మీదే గుడిసెలు వేసుకున్నారు, పేటకు పేరూ వాళ్లదే అయింది. చెడుగాలి రోగాన్ని మోసుకొస్తుందన్న సిద్ధాంతం పందొమ్మిదో శతాబ్దమంతా ఇలాంటి పేటల మీద పెత్తనం చేసింది. లండన్‌లో పారిశుద్ధ్య సంస్కర్త ఎడ్విన్ చాడ్విక్ 1846లో తీవ్రమైన వాసన ఏదైనా జబ్బే అన్నంత దూరం వెళ్లాడు. మలేరియా అనే మాటకు అర్థమే చెడుగాలి. 1896లో మాండ్వీలో ప్లేగు బయటపడినప్పుడు బొంబాయి మున్సిపాలిటీ మురుగు కాలువలను ఉప్పునీళ్లతో, కార్బాలిక్‌తో కడిగింది, ఇళ్లకు సున్నం కొట్టింది, గాలి ఆడాలని కప్పులకు కన్నాలు పెట్టింది. మరుసటి ఏడాది మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాండ్ ప్లేగును ఎలుక మీది గోమారి అంటిస్తుందని తేల్చాడు. గోమారికి వాసన లేదు, దోమకూ లేదు. అదే ఏడు బొంబాయిలో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడి, కామాఠిపురాకు ఆనుకుని ఉన్న నాగ్‌పాడాతో మొదలుపెట్టి, వెలుతురు, గాలి పేరిట పాత ఇళ్లను కూల్చుకుంటూ పోయింది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. కంపు కొట్టే బురదను ఎండగట్టినందువల్ల జ్వరాలు తగ్గాయి కదా, మురుగు తీసినందువల్ల జనం బతికారు కదా, మరి ముక్కు చెప్పింది తప్పెలా అవుతుంది? తప్పు కాదు, సగం. నిలవ నీళ్లున్న చోటు చూపించింది ముక్కే. అక్కడున్న దోమను అది చూపించలేకపోయింది. చోటు సరిగ్గా చెప్పి, కారణం తప్పుగా చెప్పిన సాక్షి అది. ఇలాంటి సాక్షిని కోర్టులోంచి పంపించేయరు, ఎంతవరకు నమ్మాలో అంతవరకు నమ్ముతారు. వాసనను ఆపదగా కాక ఆచూకీగా తీసుకోమంటున్నది ఇందుకే.

ఆపదగా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి పగడాల తొట్టిలోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది. రంగురంగుల గుండీల్లా రాళ్ల మీద పరుచుకునే జోయాంథిడ్లు అనే జీవుల్లో కొన్నిటిలో, ముఖ్యంగా పాలీథోవా రకాల్లో, పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. హవాయి దీవుల్లో దొరికిన ఒక జాతి నుంచి 1971లో మూర్, షోయర్ అనే శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేశారు. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో ఇదొకటి. దీనిది డైమిథైల్ సల్ఫైడ్‌లా గాలిలోకి తేలిగ్గా లేచే చిన్న అణువు కాదు, చాలా పెద్దది, అందుకని ముక్కుకు ఏ హెచ్చరికా ఇవ్వదు. తొట్టిలో ఊరికే ఉన్నంతవరకు ఇంట్లోవాళ్లను అది ఏమీ చేయదు. చిక్కు ఎక్కడంటే, రాయి కంపు కొడుతోందనో, అక్కర్లేని జోయాంథిడ్లు పెరిగాయనో ఆ రాయిని బయటికి తీసి సలసల కాగే నీళ్లు పోయడం, గిన్నెలో వేసి ఉడికించడం, బ్రష్షు పెట్టి తోమడం. ఆవిరితో, తుంపరలతో విషం గాలిలో కలుస్తుంది. అమెరికాలోని అలాస్కాలో 2012, 2014 సంవత్సరాల్లో అక్వేరియం షాపులో, ఇళ్లలో ఇలాంటి జీవులను ముట్టుకుని పనిచేశాక దగ్గు, జ్వరం, నోట్లో లోహపు చేదు, ఒళ్లు నొప్పులతో మనుషులు జబ్బుపడ్డ సంఘటనలను అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2015లో ప్రచురించింది. కిటికీ ఒక్కటే ఉన్న ఖోలీలో, పసిపిల్లలు పడుకున్న చోట, వంటకు వాడే పొయ్యి మీద ఆ పని చేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కంపు కొట్టే రాయి ఎవరికీ హాని చేయదు, కంపు పోగొట్టాలన్న తాపత్రయం చేస్తుంది. చేతికి గ్లోవ్సు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, నీళ్లలోనే ఉంచి పని చేయాలి. వేడి మాత్రం తగలనీయకూడదు.

అంత దూరం పోకుండా, చాలామంది చేసేది అగరుబత్తి వెలిగించడం. పాపం, దాని మీద నాకు పగేమీ లేదు. కానీ తొట్టి గోడకు తగిలించిన గాలి పంపు ఎక్కడి గాలిని పీల్చి నీళ్లలోకి ఊదుతోందో ఒకసారి గమనించాలి. అదే గదిలో గాలి. నురగతో మలినాలు తీసే స్కిమ్మర్ అయితే ఇంకా ఎక్కువ, ఆ నురగ కోసం రోజంతా గదిలో గాలిని నీళ్లతో చిలుకుతూనే ఉంటుంది. సాంబ్రాణి పొగ, దోమల కాయిల్ పొగ, బొద్దింకల మీద కొట్టే స్ప్రే, పోపులో మాడిన నూనె, ఇవన్నీ ఆ సన్నటి గొట్టంలోంచి పగడాల మధ్యకు చేరతాయి. దోమల మందుల్లో వాడే పైరెత్రాయిడ్లు చేపలకు, రొయ్యలకు పరమ విషాలు. అంటే ఖోలీకి తొట్టి వాసన తగిలే బాధ ఎంతో, తొట్టికి ఖోలీ వాసన తగిలే బాధ అంతకంటే ఎక్కువ. గాలి గొట్టం కొసను గ్యాలరీ వైపు కిటికీ బయటికి పెడితే ఈ రెండు బాధలూ తగ్గుతాయి, పొద్దుటి పీహెచ్ కూడా కాస్త నిలబడుతుంది. స్కిమ్మర్ మీది కప్పు విప్పగానే వచ్చే భరించలేని కంపును మాత్రం దోషంగా చూడక్కర్లేదు. తొట్టిలో కుళ్లాల్సినదంతా ముందే తీసి అక్కడ పోగుచేయడమే దాని ఉద్యోగం. రోజూ మోరీలో పారబోసి కడగాలి, అంతే.

అమ్మోనియా, నైట్రేటు కొలిచే పరీక్ష కిట్లు ఉండగా ముక్కెందుకని మరో అభ్యంతరం. కిట్ కచ్చితంగా కొలుస్తుంది, నిజమే, కానీ వారానికోసారి కొలుస్తుంది. పైగా ఇళ్లలో వాడే మామూలు కిట్లు సల్ఫైడ్‌ను కొలవవు. ముక్కు ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటుంది. దాని లోపం వేరే: కొద్ది నిమిషాల్లోనే ఒకే వాసనకు అలవాటుపడి దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. తొట్టి ఉన్న ఇంట్లోవాళ్లకు తొట్టి వాసన దాదాపు తెలియదు. అందుకే గ్యాలరీలో పది నిమిషాలు నిలబడి లోపలికొచ్చిన మొదటి ఊపిరికున్న విలువ తర్వాతి నూరు ఊపిరులకు లేదు. పక్క ఖోలీ వాళ్లు 'ఇవాళ మీ ఇంట్లోంచి ఏదో వాసనొస్తోంది' అంటే నొచ్చుకోకుండా వినాలి. ఆ అంతస్తులో అలవాటుపడని ముక్కు వాళ్లదొక్కటే.

ముక్కు మరీ ఆలస్యం చేసే సందర్భం మే నెలలో కరెంటు పోయిన రాత్రి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, ఉప్పు ఉంటే మరీ తక్కువ. 27 డిగ్రీల దగ్గర అరవై లీటర్ల ఉప్పునీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ మొత్తం అర గ్రాము కూడా కాదు. పంపు ఆగిన క్షణం నుంచి చేపలు, పగడాలు, రాళ్ల నిండా ఉన్న బాక్టీరియా ఆ అర గ్రామును పంచుకుంటాయి. మొదటి గంటల్లో ఏ వాసనా రాదు. మొక్కజొన్న వాసన కాస్త ముదిరేసరికి పగడాలు జిగురు కారుస్తుంటాయి, నీచు వచ్చేసరికి కొన్ని పోయి ఉంటాయి, గుడ్డు వాసన వచ్చేసరికి మిగిలేది రాళ్లు. కాబట్టి ఫ్యాను ఆగిన చప్పుడే ఆ రాత్రికి కబురు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఉంటే పెట్టాలి. లేకపోతే మూత తీసి, స్టీలు చెంబుతో పై నీళ్లు ముంచి, టీ చల్లార్చినట్టు జానెడు ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోనే పోస్తూ ఉండాలి, నాలుగు నిమిషాలు పోసి పావుగంట ఆగి, మళ్లీ నాలుగు నిమిషాలు, ఇంట్లో ఒకరు విడిచి ఒకరు, ఫ్యాను తిరిగేదాకా.